ఈఎస్‌పీ32 బోర్డుతో తొలి ప్రోగ్రాం: కంప్యూటరు సిద్ధం చేయడం నుంచి గుంట నీటి ఉష్ణోగ్రత చదవడం దాకా

నెల్లూరు జిల్లాలో అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు గానీ, ప్రకాశం జిల్లాలో సింగరాయకొండ, టంగుటూరు, కొత్తపట్నం వైపు గానీ రొయ్యల గుంటలున్న ఇళ్ల పిల్లలు పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగులోనో చేరగానే ఎంచుకునే ప్రాజెక్టు దాదాపు ఒక్కటే: గుంట నీటి వివరాలు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసుకోవడం. ఆలోచన మంచిదే. అయితే సెన్సరు, వైఫై, ఫోన్ యాప్ అన్నీ ఒకే రోజు కలిపి పెట్టి, ఏదీ పనిచేయకపోతే లోపం ఎక్కడుందో తేల్చుకోలేక బోర్డు పాడైందని పక్కన పడేయడం మామూలైపోయింది. నిజానికి బోర్డు పాడవడం అరుదు. కేబుల్, డ్రైవరు (బోర్డును కంప్యూటరుకు గుర్తుపట్టించే చిన్న సాఫ్ట్‌వేరు), పోర్టు, బోర్డు పేరు, అప్‌లోడ్ అనే ఐదు చోట్లలో ఏదో ఒకచోట దారి తెగి ఉంటుంది. ఒక్కో చోటునూ విడిగా పరీక్షించి, అది జవాబు చెప్పిన తరువాతే ముందుకు వెళ్లే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇక్కడ తీసుకున్న బోర్డు ఈఎస్‌పీ32. దీని చిప్‌ను షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సంస్థ 2016లో విడుదల చేసింది. 240 మెగాహెర్ట్జ్ వేగం వరకు నడిచే రెండు కోర్లు, 520 కిలోబైట్ల ర్యామ్, వైఫై, బ్లూటూత్ ఒకే చిప్‌లో ఉంటాయి. ఆర్డినో ఊనో బోర్డు నేర్చుకోవడానికి ఇంకాస్త తేలికే కానీ, దాని మామూలు రకంలో వైఫై లేదు కాబట్టి గుంట దగ్గరి సమాచారం ఇంటికి చేర్చాలంటే మళ్లీ వేరే బోర్డు కొనవలసి వస్తుంది. అందువల్ల మొదటి నుంచే ఈఎస్‌పీ32తో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. కొనేటప్పుడు ముప్ఫై పిన్నులున్న డెవ్‌కిట్ రకం తీసుకుంటే చాలు. రెసిస్టర్లు, ఎల్‌ఈడీలు నెల్లూరు, ఒంగోలు వంటి టౌన్లలో టీవీ రిపేరు సామాన్లు అమ్మే కొట్లలో దొరుకుతాయి కనుక వాటిని పెద్ద కిట్టుగా కొనవలసిన అవసరం లేదు.

ముందుగా కేబుల్

మొదట చూడవలసింది సాఫ్ట్‌వేరును కాదు, కేబుల్‌ను. ఇళ్లలో పడి ఉండే యూఎస్‌బీ కేబుళ్లలో కొన్నింటికి కరెంటు మోసే రెండు తీగలే ఉంటాయి, డేటా మోసే తీగలు ఉండవు. అటువంటి కేబుల్‌తో బోర్డును కలిపితే బోర్డు మీది ఎర్ర లైటు చక్కగా వెలుగుతుంది కాబట్టి అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది, కంప్యూటరుకు మాత్రం అక్కడ బోర్డు ఉన్న సంగతే తెలియదు. దీనిని తేల్చడానికి సులువైన మార్గం, అదే కేబుల్‌తో ఒక ఫోన్‌ను కంప్యూటరుకు కలిపి ఫోటోలు కాపీ అవుతాయో లేదో చూడడం. ఫోటోలు కాపీ అయితే కేబుల్ మంచిదే. కాకపోతే ఆ కేబుల్‌ను చార్జింగుకే వాడుకొని ఇంకొకటి తెచ్చుకోవాలి. ఇంకో జాగ్రత్త: సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో కేబుల్ మూతిలోని, బోర్డు పిన్నుల మీది లోహం పచ్చగా చిలుము పట్టి, ఒకసారి కలిసి ఒకసారి కలవకుండా సతాయిస్తుంది. కాబట్టి సామాను గుంట దగ్గరి షెడ్డులో వదిలేయకుండా మూత గట్టిగా పడే డబ్బాలో దాచుకోవడం మంచిది.

కేబుల్ సరైనదని తేలాక, బోర్డు మీద యూఎస్‌బీ మూతికి దగ్గరగా ఉండే చిన్న నల్లటి చిప్ మీది అక్షరాలను ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదవాలి. కంప్యూటరు యూఎస్‌బీ భాషను ఈఎస్‌పీ32కు అర్థమయ్యే సీరియల్ సంకేతాలుగా మార్చేది ఈ చిప్పే. సాధారణంగా అది సిలికాన్ ల్యాబ్స్ వారి సీపీ2102 గానీ, డబ్ల్యూసీహెచ్ వారి సీహెచ్340 గానీ అయి ఉంటుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, బోర్డును కలిపినప్పుడు ‘పోర్ట్స్’ అనే వరుస కింద కొత్త పేరు, దాని పక్కనే కామ్ 3 లేదా కామ్ 5 వంటి అంకె వస్తే డ్రైవరు ఉన్నట్టే. పసుపు రంగు హెచ్చరిక గుర్తుతో ‘అదర్ డివైసెస్’ కింద కనిపిస్తే డ్రైవరు లేనట్టు. అప్పుడు చిప్ పేరును బట్టి దాని తయారీ సంస్థ సైటు నుంచే డ్రైవరు దించుకోవాలి. ఉచిత డ్రైవర్లు ఇస్తామంటూ వెతుకులాటలో ముందుగా కనిపించే మూడో మనిషి సైట్ల జోలికి పోకూడదు. కామ్ అంకెను కాగితం మీద రాసి పెట్టుకోండి, తరువాత అవసరమవుతుంది. పోర్టులు రెండు మూడు కనిపించి ఏది మనదో తెలియకపోతే బోర్డును ఊడదీసి చూడాలి, అప్పుడు మాయమైనదే మనది.

ఉబుంటు వంటి లినక్స్ వాడేవారికి ఈ రెండు చిప్‌ల డ్రైవర్లూ కెర్నల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉంటాయి కనుక దించుకునే పని లేదు. అయితే సీరియల్ పోర్టును తాకే హక్కు మామూలు వినియోగదారుకు ఉండదు కాబట్టి, ఆ వినియోగదారు పేరును ‘డయలౌట్’ అనే గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఉబుంటు 22.04లో మరొక చిక్కు ఉంది. అంధుల బ్రెయిలీ పరికరాల కోసం ముందుగానే వేసి ఉంచిన ‘బీఆర్‌ఎల్‌టీటీవై’ అనే ప్రోగ్రాం సీహెచ్340 చిప్‌ను తన పరికరంగా పొరబడి పట్టేసుకుంటుంది, దాంతో పోర్టు ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. బ్రెయిలీ పరికరం వాడనివారు ఆ ప్రోగ్రాంను తీసివేస్తే పోర్టు నిలబడుతుంది.

ఆర్డినో ఐడీఈ, బోర్డు ప్యాకేజీ

ప్రోగ్రాం రాయడానికి, దానిని చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చడానికి, బోర్డులోకి పంపడానికి ఆర్డినో ఐడీఈ ఒక్కటే సరిపోతుంది. ఇది ఉచితం. దీని 2వ తరం 64 బిట్ విండోస్ 10 గానీ అంతకంటే కొత్తది గానీ ఉంటేనే నడుస్తుంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయడం మామూలే. లినక్స్‌లో యాప్‌ఇమేజ్ రూపంలో వస్తుంది కాబట్టి, దించుకున్న ఫైలుకు నడిచే అనుమతి ఇవ్వాలి. ఉబుంటు 22.04లోనైతే ‘లిబ్‌ఫ్యూజ్2’ అనే ప్యాకేజీ కూడా వేసుకోవాలి.

ఐడీఈ తెరుచుకోగానే ఈఎస్‌పీ32 పని మొదలుపెట్టవచ్చని అనుకోకండి. ఆర్డినో వారి సొంత బోర్డులకు కావలసినవే దానికి మొదట తెలుసు. ఎస్ప్రెసిఫ్ వారి బోర్డు ప్యాకేజీని మనం విడిగా చేర్చాలి. అందుకు ఎస్ప్రెసిఫ్ వారి ఆర్డినో సహాయ పత్రాల్లో, ఇన్‌స్టాలేషన్ అన్న పేజీలో ఇచ్చిన స్టేబుల్ విడుదల చిరునామాను కాపీ చేసి, ఐడీఈలో ఫైల్ మెనూ, ప్రిఫరెన్సెస్ తెరిచి, అడుగున ఉన్న ‘అడిషనల్ బోర్డ్స్ మేనేజర్ యూఆర్‌ఎల్స్’ అనే పెట్టెలో అతికించి ఓకే నొక్కాలి. తరువాత ఎడమ పక్క నిలువు వరుసలోని బోర్డు బొమ్మను నొక్కి ఈఎస్‌పీ32 అని వెతికితే రెండు పేర్లు కనిపించవచ్చు. ఆర్డినో వారి పేరుతో ఉన్నది వారి నానో ఈఎస్‌పీ32 బోర్డు కోసం చేసినది, మనకు కావలసింది ‘ఎస్ప్రెసిఫ్ సిస్టమ్స్’ పేరుతో ఉన్నది. ఈ రెంటినీ తారుమారు చేసుకున్నవారికి తరువాతి మెట్టులో తమ బోర్డు పేరు జాబితాలో ఎంత వెతికినా దొరకదు.

ఈ ప్యాకేజీ వందల మెగాబైట్లలో ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు ఆ రోజు డేటా ఎంత మిగిలిందో చూసుకొని, సిగ్నల్ నిలకడగా ఉండే వేళ మొదలుపెట్టాలి. మధ్యలో ఆగిపోతే కంగారు పడకుండా మళ్లీ ఇన్‌స్టాల్ నొక్కితే సరి. కాలేజీ ల్యాబుల్లో పదిమంది ఒకేసారి ఇదే దించుకోవాలని చూడడం కంటే, ముందు రోజే అధ్యాపకులు ప్రతి కంప్యూటరులోనూ వేయించి ఉంచడం తెలివైన పని.

ఇక బోర్డు పేరు. ఐడీఈ పైభాగంలో ఉన్న ‘సెలెక్ట్ బోర్డ్’ జాబితాలో అడుగున ఉండే ‘సెలెక్ట్ అదర్ బోర్డ్ అండ్ పోర్ట్’ను తెరిస్తే ఎడమవైపు బోర్డులు, కుడివైపు పోర్టులు ఉంటాయి. ముప్ఫై పిన్నుల బోర్డుకు డీఓఐటీ అనే అక్షరాలతో మొదలయ్యే ‘ఈఎస్‌పీ32 డెవ్‌కిట్ వీ1’ను ఎంచుకుని, పోర్టు దగ్గర ఇందాక కాగితం మీద రాసుకున్న కామ్ అంకెను ఎంచుకోవాలి. చాలామంది ‘ఈఎస్‌పీ32 డెవ్ మాడ్యూల్’ అనే సాధారణ పేరును ఎంచుకుంటారు. అది తప్పేమీ కాదు కానీ, ఆ పేరు కింద ఏ పిన్నుకు ఎల్‌ఈడీ ఉందో నిర్వచించి ఉండదు కాబట్టి, తొలి ప్రోగ్రాంలోనే ‘ఎల్‌ఈడీ బిల్టిన్’ అన్న మాట తెలియదంటూ ఐడీఈ ఎర్ర అక్షరాలతో తిరగబడుతుంది. అలా జరిగితే ప్రోగ్రాంలో ఆ మాట ఉన్న ప్రతిచోటా 2 అనే అంకె వేస్తే సరిపోతుంది. ఈ రకం బోర్డుల్లో నీలి ఎల్‌ఈడీ 2 అంకె గల పిన్నుకే కలిపి ఉంటుంది.

తొలి ప్రోగ్రాం

మొదటిసారి సొంతంగా ఒక్క అక్షరం కూడా టైపు చేయనవసరం లేదు. ఫైల్ మెనూలో ఎగ్జాంపుల్స్, అందులో బేసిక్స్, అందులో ‘బ్లింక్’ తెరవండి. దానిలో రెండు భాగాలుంటాయి. ‘సెటప్’ అనే భాగం బోర్డుకు కరెంటు అందగానే ఒక్కసారి నడుస్తుంది. ‘లూప్’ అనే భాగం ఆ తరువాత కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. సెటప్‌లో ఎల్‌ఈడీ పిన్నును సంకేతం బయటికి పంపే పిన్నుగా ప్రకటిస్తారు. లూప్‌లో దానిని వెలిగించి, ‘డిలే’ అనే మాటతో 1000 మిల్లీసెకండ్లు, అంటే ఒక్క సెకను ఆగి, ఆర్పి, మళ్లీ ఒక సెకను ఆగుతారు. అంతకు మించి అందులో ఏమీ లేదు.

పైన ఎడమవైపు టిక్ గుర్తు నొక్కితే ప్రోగ్రాం కంపైల్ అవుతుంది, అంటే చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మారుతుంది. మొదటిసారి ప్యాకేజీలోని వందలాది ఫైళ్లను కూడా కలిపి కంపైల్ చేస్తుంది కనుక పాత ల్యాప్‌టాప్‌లలో కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఐడీఈ ఆగిపోయిందనుకొని మూసివేయవద్దు. రెండోసారి నుంచి త్వరగానే అవుతుంది. చివర ప్రోగ్రాం ఎన్ని బైట్లు వాడుకుందో, గరిష్ఠంగా 1310720 బైట్లు ఉన్నాయో తెలిపే వాక్యం కనిపిస్తే కంపైల్ విజయవంతమైనట్టు. బోర్డులో సాధారణంగా 4 మెగాబైట్ల ఫ్లాష్ (ప్రోగ్రాంను దాచే మెమరీ) ఉన్నా ప్రోగ్రాంకు ఇంతే చూపిస్తుందేమని అనుమానం రావచ్చు. వైఫై ద్వారా కొత్త ప్రోగ్రాం పంపే వీలు కోసం ప్రోగ్రాం స్థలాన్ని రెండు సమాన గదులుగా విడదీసి, మిగతాది ఫైళ్లకూ ఇతర అవసరాలకూ కేటాయించడమే దానికి కారణం.

ఇప్పుడు పక్కనున్న బాణం గుర్తు నొక్కితే అప్‌లోడ్ మొదలవుతుంది. కింద నల్లటి పెట్టెలో ‘కనెక్టింగ్’ అని వచ్చి చుక్కలు పడతాయి. ఆ చుక్కలు రెండు మూడు పడి ముందుకు సాగితే మంచిదే. ఆగకుండా పడుతూనే ఉండి చివరికి ‘రాంగ్ బూట్ మోడ్’ అన్న సందేశంతో ముగిస్తే, బోర్డు ప్రోగ్రాం అందుకునే స్థితిలోకి వెళ్లలేదని అర్థం. ఈఎస్‌పీ32 రీసెట్ అయ్యే క్షణంలో సున్నా అంకె గల పిన్ను గ్రౌండుకు (బోర్డు మీద జీఎన్‌డీ అని రాసి ఉండే పిన్నుకు) కలిసి ఉంటేనే అది కొత్త ప్రోగ్రాం కోసం ఎదురుచూస్తుంది, లేకపోతే పాత ప్రోగ్రాంను నడుపుతుంది. ఆ పనిని మామూలుగా బోర్డు మీది రెండు ట్రాన్సిస్టర్లు తమంతట తామే చేస్తాయి కానీ, చవక బోర్డులు కొన్నింటిలో సమయం కుదరదు. పరిష్కారం సులువు: చుక్కలు మొదలవగానే బోర్డు మీద ‘బూట్’ అని రాసి ఉన్న చిన్న బొత్తామును నొక్కి పట్టుకొని, శాతాలు కనిపించడం మొదలయ్యాక వదిలేయాలి. శాతం వందకు చేరి ‘హార్డ్ రీసెట్టింగ్’ అన్న వాక్యం వస్తే ప్రోగ్రాం బోర్డులో కూర్చున్నట్టే. శాతాలు మధ్యలో తెగిపోతుంటే టూల్స్ మెనూలో అప్‌లోడ్ స్పీడును 921600 నుంచి 115200కు తగ్గించి చూడాలి. పోర్టు తెరవలేకపోతున్నానని, అనుమతి లేదని విండోస్‌లో చెబితే వేరే ఏదో ప్రోగ్రాం, తరచుగా ఇంకో ఐడీఈ కిటికీలో మరచిపోయిన సీరియల్ మానిటర్ (బోర్డు పంపే మాటలు చూపే పెట్టె), ఆ పోర్టును పట్టుకొని ఉందని గ్రహించాలి.

నీలి లైటు ఒక సెకను వెలిగి ఒక సెకను ఆరుతుంటే సంతోషించవచ్చు కానీ, అది మీ ప్రోగ్రాం వల్లనే అని అప్పుడే నమ్మకండి. తయారీదారులు పరీక్ష కోసం ఇటువంటి ప్రోగ్రాంనే ముందుగా వేసి పంపిన బోర్డులు ఎన్నో ఉన్నాయి, అవి డబ్బా విప్పి కరెంటు ఇవ్వగానే మినుకుమినుకుమంటాయి. కాబట్టి డిలేలోని రెండు 1000 అంకెల్లో మొదటిదాన్ని 100గా, రెండోదాన్ని 2000గా మార్చి మళ్లీ అప్‌లోడ్ చేయాలి. లైటు చటుక్కున మెరిసి రెండు సెకన్లు చీకటిగా ఉంటే, కేబుల్ నుంచి అప్‌లోడ్ దాకా దారి మొత్తం మీ చేతిలోకి వచ్చిందనడానికి అదే రుజువు. ఈ అంకెలు మార్చే పరీక్షను తేలికగా తీసిపారేయవద్దు. నా దృష్టిలో తొలి ప్రోగ్రాం అంటే బ్లింక్ కాదు, మార్చిన బ్లింక్. బోర్డు మీద వాడుకోదగ్గ ఎల్‌ఈడీ లేకపోతే, 330 ఓముల రెసిస్టరును వరుసలో పెట్టి బయటి ఎల్‌ఈడీ పొడవు కాలును 4 అంకె గల పిన్ను వైపు, పొట్టి కాలును గ్రౌండుకు కలిపి, ప్రోగ్రాంలో పిన్ను అంకె 4గా మార్చుకోవచ్చు.

బోర్డు మాట్లాడటం

లైటు ఒక్కటే ఉంటే బోర్డు అవునో కాదో మాత్రమే చెప్పగలదు. సీరియల్ మానిటర్ ఉంటే వాక్యాలు చెబుతుంది. కుడి పైమూలన భూతద్దం వంటి గుర్తు నొక్కితే అది తెరుచుకుంటుంది. ప్రోగ్రాం సెటప్‌లో ‘సీరియల్ బిగిన్’ అనే మాటకు ఏ వేగం రాశామో, మానిటరులోని జాబితాలోనూ అదే వేగం ఎంచుకోవాలి. ఒకచోట 9600, ఇంకోచోట 115200 ఉంటే ప్రశ్నార్థకాలు, పెట్టెలు కలిసిన చెత్త కనిపిస్తుంది. చెత్త కనిపించడం ఒక రకంగా శుభవార్తే, తీగలూ పోర్టూ బాగున్నాయని అది చెబుతోంది. అసలేమీ రాకపోతే బోర్డు మీది ‘ఈఎన్’ బొత్తాము ఒకసారి నొక్కి చూడాలి. వేగం 115200గా ఉంటే, మన ప్రోగ్రాం ఎలా ఉన్నా, చిప్ మేల్కొన్నప్పుడు తన సొంత పలుకులు కొన్ని తప్పక పంపుతుంది. ఆ పలుకులు కూడా రాకపోతే లోపం ప్రోగ్రాంలో లేదు, పోర్టు ఎంపికలోనో కేబుల్‌లోనో ఉంది. స్కెచ్ (ఐడీఈలో ప్రోగ్రాం ఫైలును ఇలా పిలుస్తారు) పేరు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతోనే ఉండాలి కానీ, కొటేషన్ గుర్తుల మధ్య పంపే వాక్యం తెలుగులో రాసుకోవచ్చు.

గుంట నీటి ఉష్ణోగ్రత

ఇక్కడిదాకా నడిచినవారు డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సరుతో ముందుకు వెళ్లవచ్చు. స్టీలు గొట్టంలో బిగించి, నీరు చొరకుండా చేసిన రకం దొరుకుతుంది. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్య అర డిగ్రీ తేడాలో చదువుతుంది. తెల్లవారుజామున గుంటలో ప్రాణవాయువు పడిపోవడం ప్రతి రైతుకూ తెలిసిన భయమే. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు నిలిచే శక్తి తగ్గుతుంది కాబట్టి, ఖరీదైన ఆక్సిజన్ సెన్సరు జోలికి పోకముందే ఉష్ణోగ్రత లెక్క చేతికి రావడం ఉపయోగమే.

సెన్సరుకు మూడు తీగలు. సాధారణంగా ఎర్రది 3.3 వోల్టుల పిన్నుకు, నల్లది గ్రౌండుకు, పసుపుది 4 అంకె గల పిన్నుకు కలపాలి. పసుపు తీగకూ ఎర్ర తీగకూ మధ్య 4.7 కిలో ఓముల రెసిస్టరు తప్పనిసరి. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టుల వరకే తట్టుకుంటాయి కాబట్టి, ఎర్ర తీగను 5 వోల్టులకు కలిపి ఆ వోల్టేజీని రెసిస్టరు ద్వారా డేటా పిన్ను మీదికి తేకూడదు. పిన్ను అంకె మార్చాలనుకుంటే 6 నుంచి 11 వరకు ఉన్నవాటిని తాకవద్దు, అవి బోర్డులోని ఫ్లాష్‌తో మాట్లాడుతుంటాయి. 12వ పిన్నుకు రెసిస్టరు ద్వారా వోల్టేజీ ఇస్తే బోర్డు మేల్కొనకపోవచ్చు.

ఐడీఈలోని లైబ్రరీ మేనేజర్‌లో (ఇతరులు రాసి ఉంచిన కోడును చేర్చుకునే చోట) ‘డల్లాస్ టెంపరేచర్’ వేసుకుంటే, దానికి కావలసిన ‘వన్‌వైర్’ను కూడా వేయమంటారా అని అదే అడుగుతుంది, ఒప్పుకోవాలి. దాని ఎగ్జాంపుల్స్‌లోని ‘సింపుల్’ తెరిచి, సెన్సరు పిన్ను అంకెను 2 నుంచి 4కు మార్చి అప్‌లోడ్ చేయాలి. ఈ నమూనా 9600 వేగంతో మాట్లాడుతుంది కనుక మానిటరు వేగం కూడా అంతే పెట్టుకోవాలి. ఉష్ణోగ్రత చదవలేకపోయానంటూ ‘ఎర్రర్’ అని గానీ, మైనస్ 127 అని గానీ వస్తే సెన్సరు జవాబు చెప్పడం లేదని అర్థం. రెసిస్టరు మరచిపోయి ఉంటారు, లేదా తీగ వదులైంది. సరిగ్గా 85 అని వస్తే సెన్సరు ఇంకా కొలవకముందే అడిగినట్టు, లేదా మధ్యలో దానికి కరెంటు తగ్గినట్టు.

అంకె వచ్చినంత మాత్రాన అది సరైనదని కాదు. రొయ్యల ప్యాకింగుకు వాడే ఐసు కొంచెం తెచ్చి, బాగా నలగ్గొట్టి, గ్లాసులో తాగునీటితో కలిపి కలియబెట్టి సెన్సరును ముంచితే, కాసేపటికి సున్నాకు అర డిగ్రీ అటూ ఇటూ నిలవాలి. గుంట నీరు వాడకూడదు, అందులోని ఉప్పు వల్ల ఐసు సున్నా కంటే కిందికి పోయి మంచి సెన్సరునే చెడ్డదనిపిస్తుంది.

గుంట గట్టు మీద పవర్ బ్యాంకుతో నడపాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. కరెంటు వాడకం మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు చార్జింగు పూర్తయిందనుకొని తమంతట తామే ఆగిపోతాయి. వైఫై వాడడం మొదలుపెట్టినప్పుడు దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది వస్తుంది. ప్రసారం చేసే క్షణంలో చిప్ 240 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, సన్నటి పొడవాటి కేబుల్ అయితే వోల్టేజీ పడిపోయి సీరియల్ మానిటరులో ‘బ్రౌనౌట్’ అన్న మాటతో బోర్డు మళ్లీ మళ్లీ మొదలవుతుంది. కేబుల్ పొట్టిది చేస్తే చాలావరకు తగ్గుతుంది.

ఉష్ణోగ్రత చదవడం వచ్చింది కదా అని బోర్డు చేతికి ఏరియేటరు స్విచ్చి అప్పగించకండి. ఏరియేటర్లు నడిచేది మూడు ఫేజుల 415 వోల్టుల మీద. చిన్న రిలే (బోర్డు సంకేతంతో పనిచేసే స్విచ్చి) బోర్డు ఆ లోడును నేరుగా మోయలేదు, స్టార్టరులోని కాంటాక్టరు (పెద్ద లోడును మోసే స్విచ్చి) కాయిల్‌ను నడిపించడమే దాని వంతు. ఆ కలపడం కూడా మెయిన్ ఆపి, తడి నేల మీద కాకుండా, గుంటల దగ్గర ప్యానెళ్లు బిగించే ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.